అత్త ఏరిన మట్టి

పొద్దున ఆఫీసుల కొత్తగ చేరిన పిల్ల నా టేబుల్ మీద మట్టి సంచి పెట్టింది. రోడ్డు కింద సిమెంటు కలిపి గట్టిచేసే మట్టి, పరీక్షకొచ్చింది. విప్పి చూస్తె ఒక్క గడ్డ లేదు. "ఎవరు ఏరిన్రమ్మా దీన్ని?" అని అరిచిన. "ఎవ్వరు ఏరలె సార్, గట్లనే ఉండె" అని బిత్తరపోయింది పాపం. అయినా నా కాలు నిలువలె. జీపు తీయించి ఆ మట్టి తీసిన ముప్కాల్ దాంక పోయి, నా చేతులతోని మళ్ల తవ్వుకొచ్చిన. నాకీ పిచ్చి ఉన్నదని ఆఫీసంతకు ఎరికే. ఎందుకు పట్టిందో ఎవ్వరికి చెప్పలె.

ఆర్మూర్ అవతల మా మేనమామది పసుపు చేను. నన్ను చదివించింది ఆయనే. నాకు మట్టి పరీక్షల ల్యాబుల నౌకరి దొరకంగనే, "అల్లుడా, నా కల్లం నువ్వే చెయ్యాలె" అన్నడు. ఉడకబెట్టిన పసుపు ఆరబోసే కల్లమది. చేను మట్టిల సిమెంటు కలుపుదామన్న. మేస్త్రి వద్దన్నా మామ నా మాటే పట్టుకున్నడు. పరీక్షకు మట్టి నేనే పోయి తీసుకోవాలె, ల్యాబు రూలు, కాయిద అది. బద్దకమైంది, "శాంపిల్ పంపున్రి మామా" అన్న. వచ్చింది, ఏం మట్టి! పూజకు తెచ్చినట్టుంది. సిమెంటు కలిపి ముద్దలు చేసి, ఆరినంక మిషన్ల పెట్టి నొక్కితె లొంగలె. నేను మురిసిపోయిన.

కల్లం చేసి రెండు నెలలు కాలె, చెడగొట్టు వాన పడ్డది. పోయి చూస్తె నడుమల రొట్టె లెక్క ఉబ్బింది, కాలు పెడితె పెళ్లలు లేస్తున్నయి. పక్కకు ఉడకబెట్టిన పసుపు కుప్ప, ఆరబొయ్య జాగ లేదు. మామ నా మొఖం దిక్కు చూసిండు, ఒంగి పెళ్లలు ఎత్తిపోయబట్టిండు. గదే నాకు మస్తు మండింది. గడ్డపార తీసుకొని చేన్ల తవ్విన. అన్ని తెల్ల గడ్డలే! చౌడు విరగాలని ఏండ్ల సంది చల్లిన జిప్సం. దాంట్ల సల్ఫేటు ఉంటది. తడి తగిలితె సిమెంటుతోని, మట్టితోని కలిసి లోపల్లోపల ఉబ్బి, పట్టును తెంపుతది. చదువుకున్నదే గద! మరి నాకొచ్చిన మట్టిల గీ తెల్లవి ఏవి?

"నేనే ఏరి పారేసిన అల్లుడా" అన్నది అత్త. మార్కెట్ల చూపే శాంపిల్ పసుపు కొమ్ములు వాడకట్టంత ఆమెతోనే ఏరిపిచ్చుకునేది, అంత మంచి చెయ్యి. "శాంపిల్ అంటివి గద. గలీజు మట్టి పంపితె ఆఫీసుల నీ ఇజ్జత్ పోదా?"

ఊకోవాలె నేను. ఊకోలె. పదిమంది కూలీల ముందట, "నీ చేతులే ముంచినయి అత్తా" అన్న. పాడు నోరు! పసుపు ఎట్లనో తాటిపత్రి పట్టాల మీద ఆరింది, కల్లానికి మామ బండలు పరిపిచ్చిండు. అత్త మాత్రం అటెనుక ఎవ్వరికి శాంపిల్ ఏరలె. అడిగితె "కండ్లు ఆనుతలేవు" అనేది. సూదిల దారం మాత్రం ఎక్కించేది.

అత్త పోయి మూడేండ్లయింది. బతికున్నప్పుడు, తప్పు నాదే, మట్టి నేను తీసుకోవాల్సి ఉండె అని చెప్దామనే పోతుంటి. ఆమె బువ్వ పెట్టేది, నేను తింటుంటి, మళ్లొచ్చినప్పుడు చెప్తననుకొని లేచొస్తుంటి. ఒక్క మాటకు కాలం నాకు అన్ని ఏండ్లిచ్చింది. ఒక్క నిమిషం కూడ నేను తీసుకోలె.