జైలు బోర్డులో మా తోటికోడలు

మా తోటికోడలు పోయింది. మంగళవారం పొద్దున నేను క్లినిక్‌లో ఉండగా మరిది ఫోన్ చేసి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడు. ఏడ్చాను. రెండు రోజుల తర్వాత లోకల్ పేపర్లో ఆమె ఫొటో, దాని కింద నాలుగు పేరాలు చూశాను. అప్పుడు ఏడుపుతో పాటు అసూయ కూడా కదిలింది. పోయినవాళ్ళ గురించి రాస్తూ అబద్ధం ఆడలేను.

వర్జీనియాలో మాదొక చిన్న కౌంటీ. ఇక్కడి జైలు వ్యవహారాలు చూసే బోర్డులో మామూలు జనానికి ఉండే ఒక్క సీటు ఖాళీ అయితే ఇద్దరం అప్లై చేశాం. నేను ముప్ఫై ఏళ్ళుగా పిల్లల డాక్టర్ని. తను సాఫ్ట్‌వేర్ టెస్టర్. కౌంటీని నడిపే సూపర్‌వైజర్లు తననే వేశారు. ఎవరికీ పట్టని పదవిలే అని అందరితోనూ అన్నాను.

తను ఏ కాగితమైనా స్కేలు పెట్టుకుని లైను లైనూ చదివేది. పచ్చడి సీసా లేబుల్ని కూడా వదిలేది కాదు. "చిన్న అక్షరాల్లోనే అసలు సంగతి ఉంటుందక్కా" అనేది. నా క్లినిక్ లీజు అలాగే చదివి నన్నొక పెద్ద చిక్కు నుంచి తప్పించింది. థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు.

పోయినేడు ఒక కాంట్రాక్టు చదివింది. జైల్లో చోటు చాలక, ఆడ ఖైదీలందరినీ నాలుగు గంటల దూరంలోని ఇంకో కౌంటీ జైల్లో ఉంచే ఒప్పందం అది. బోర్డు సంతకం చాలన్నారు మిగతావాళ్ళు. చాలదనీ, సూపర్‌వైజర్ల ముందు బహిరంగ మీటింగ్‌లో పెట్టాలనీ తను రూలు చూపించింది.

ఆ మీటింగ్‌కి వెళ్ళాను. అండగా వచ్చాననుకుంది పాపం. తను తడబడితే చూద్దామని వెళ్ళాను నేను. తడబడింది కూడా. అయినా, ఆ దూరపు జైలుకి స్వయంగా డ్రైవ్ చేసి చూశాననీ, బస్సు కూడా లేదనీ చెప్పి, ఇంగ్లీషులో ఒక్కటే అడిగింది.

"వీళ్ళ పిల్లలు అమ్మని చూడటానికి ఎలా వెళ్తారు?"

కాంట్రాక్టు పాసయింది. కాకపోతే, చిన్నపిల్లలున్న తల్లుల్ని ఇక్కడే ఉంచాలని షరతు చేర్చారు. తిరిగొస్తుంటే కార్లో దిగాలుగా కూర్చుంది.

"సగమే అయిందక్కా."

సగం మాత్రం తక్కువా అని ఓదార్చాను. లోపల, సగమే అయినందుకు సంతోషించాను. ఆ సంగతి తనకి చెప్పుకోలేకపోయాను.

మొన్న శనివారం, తన దగ్గరున్న బోర్డు ఫైళ్ళు తిరిగి ఇవ్వడానికి జైలుకి వెళ్ళాను. తను నెలనెలా వచ్చి ఖైదీలని చూడటానికి వచ్చినవాళ్ళ మధ్య కూర్చునేదని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఆ మాటకి కూడా నా కడుపు మండింది. అటు తిరిగి చూస్తే, అమ్మమ్మ ఎత్తి పట్టుకున్న ఒక పాప, మధ్యనున్న గాజు అద్దానికి ముఖం ఆనించి, పన్ను ఊడిన చోటు వాళ్ళమ్మకి చూపిస్తోంది. అద్దానికి అవతల ఆ తల్లి కూడా నోరు తెరిచి, వేలితో తన పళ్ళు ఒక్కొక్కటే తడుముకుంటూ, పాపకి ఊడింది ఏ పన్నో వెతుకుతోంది.