ఉడుతను కొట్టించింది నేనే

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ తోటమాలి విల్లు ఎక్కుపెట్టే ముందు చెప్పులు విడిచేవాడు. “కాలికి నేల తగిలితెనే గురి కుదుర్తది సారు,” అనేవాడు. ఆ వెదురు విల్లుతో ఆయన మామిడికాయలు మాత్రమే రాల్చేవాడు.

మా బాల్కనీలో ఇంటర్నెట్ తీగ కొరుకుతున్న ఉడుతను కొట్టమని నేనే అడిగాను.

“తినేటోళ్లే కొట్టాలె సారు. ఉత్తగ చంపితే పాపం.”

మూడు రోజులు వెంటపడ్డాను. నా మాట కాదనలేక చివరికి ఒక్క బాణంతో పడగొట్టాడు.

ఎవరో చూసి ఫిర్యాదు చేశారు. సాయంత్రం అందరి ముందూ సెక్రటరీ గద్దించాడు. “ఎవరు కొట్టమన్నారయ్యా?”

తోటమాలి నావైపు ఒక్కసారి చూశాడు. నేను తల దించుకుని ఫోన్ చూసుకున్నాను.

“ఎవ్వరు చెప్పలే సారు. నేనే కొట్టిన,” అన్నాడు.

ఆయన్ని పనిలోంచి తీసేయాలని రాసిన కాగితం మీద, అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను.