బాలవ్వ మానని మాత్ర

"కడుపులో బిడ్డకు ఇప్పటికే అంటుకొనుంటే ఎట్ల, పెద్దమ్మా?"

ఈ మాట హారతి భర్త శివకృష్ణతో అనలేదు, ఊళ్ళో ఉన్న తల్లితోనూ అనలేదు. పక్క గదిలో ఉండే బాలవ్వతో అంది. హారతికి ఏడో నెల. పొద్దున ప్రభుత్వాసుపత్రిలో రక్తం చూసి హెపటైటిస్ బి ఉందన్నారు. మైక్రోబయాలజీ చదువుకున్న పిల్ల. ఆ వైరస్ గురించి పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసింది. ఇప్పుడు ఆ చదువంతా భయపడడానికే పనికొస్తోంది.

చీర అంచున వేలాడే దారాలు కత్తిరిస్తున్న బాలవ్వ కత్తెర కింద పెట్టింది.

"గిదేనా? నాకు లేదా గా రోగం? సచ్చిన్నా?"

సిరిసిల్ల దిక్కు నుంచి భర్త లక్ష్మీరాజంతో సూరత్ వచ్చి, ఊరి పక్కనున్న పల్సానాలో మగ్గాల చప్పుడులోనే జుట్టు నెరిసిన మనిషి బాలవ్వ. ఆమె రోజూ ఏదో మాత్ర వేసుకుంటుందని వాడంతా ఎరుగును. బీపీకి అనుకునేవారు. అసలు సంగతి ఆ పూటే హారతికి చెప్పింది.

సర్కారు దవాఖానలో ఆ మాత్ర ఉచితంగానే ఇచ్చేవారు. కొన్నాళ్ళు వాడేసరికి ఒళ్ళు తేలికపడింది, ఆకలి పుట్టింది. అప్పుడే ఊరి నుంచి పసరు పోసే ఆయన వచ్చాడు. లివరు జబ్బంటే మనవాళ్ళకు కామెర్లే, కామెర్లంటే పసరే. పసరు తాగినవాళ్ళు ఉప్పు ముట్టకూడదు. ఇంగ్లీషు మందు అసలే ముట్టకూడదు. బాలవ్వ పథ్యం పట్టిందంటే పట్టిందే. మాత్రల డబ్బా అటకెక్కింది.

"కొన్నాళ్ళకే కండ్లు పసుపు ముద్దలైనయి, కడుపు కుండయింది. వార్డుల వడ్డ. మీ పెదనాయన బయట కూసోని ఒకటే ఏడ్సుడు. నేను సస్తనని గాదు, తనకు వంట రాదని!"

హారతి ఏడుస్తూనే నవ్వింది. "మరెట్ల తగ్గింది?"

"మల్ల గదే మాత్ర. జర ఆలస్యమైంది గని తగ్గింది. పసరాయనకు దండం బెట్టి పంపిన."

మర్నాడు హారతిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయింది. వైరస్ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ హారతికీ అలాంటి మాత్రే మొదలుపెట్టింది. పుట్టిన వెంటనే బిడ్డకు రెండు సూదులు వేయాలని, అందులో ఒకటి అన్నిచోట్లా దొరకదని, కాన్పు ఇక్కడే చేయించుకోమని చెప్పింది.

చిక్కు అక్కడే వచ్చింది. హారతి తల్లి మంగ ఫోన్లో గొడవకు దిగింది.

"తొలి కాన్పు పుట్టింట్ల గాక సూరత్ల జేస్తే నలుగురేమంటరు?"

బాలవ్వ ఫోన్ లాక్కుంది. "నలుగురచ్చి సూదులేస్తరా, చెల్లె? పుట్టిల్లునే ఈడికి తోలుకరా. నువ్వు రైలెక్కు. పచ్చడి మాత్రం మరిచిపోకు, ఈడ పప్పుల గూడ చక్కెరేస్తరు!"

మంగ అలుగుతూనే వచ్చింది. పాప పుట్టింది. పుట్టిన పూటే రెండు సూదులూ పడ్డాయి. తర్వాతి టీకాలూ తప్పలేదు. అయినా హారతికి లోపల పీకుతూనే ఉంది. పాలివ్వచ్చని డాక్టరమ్మ చెప్పినా, పాప కళ్ళు కాస్త పచ్చగా కనబడితే చాలు, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసేది.

ఏడాది నిండాక పాప రక్తం పరీక్షకు ఇచ్చారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వింది. "బధూ సారూ ఛే, బెన్!"

అంతా బాగుంది. పాపకు వైరస్ లేదు. టీకా బాగా పట్టింది. హారతి బెంచీ మీద కూలబడి పాపను గుండెకు అదుముకుంది.

"ఇంక నాకు పరీక్షలెందుకు, పెద్దమ్మా?" అంది బయటికి వస్తూ. "కాన్పయినంక మాత్ర కూడ డాక్టరమ్మే ఆపింది. నాకేం బాధ లేదు."

"మాత్రల డబ్బా అటకెక్కించిననాడు నాకు ఉండెనా బాధ?" అంది బాలవ్వ.

హారతి ఇప్పుడు ఒంట్లో ఏ బాధా లేకపోయినా, రమ్మన్న రోజున పాపను చంకనేసుకుని ఆసుపత్రి వరుసలో నిలబడుతుంది. ఆనాడు గేటు దగ్గర బాలవ్వ చెప్పింది ఒక్కటే:

"పాణం మంచిగున్ననాడే దవాఖానకు పోవాలె, బిడ్డా. బాగలేనినాడు ఎట్లయినా మోసుకపోతరు."