కప్పు తట్టే కర్ర

బొగ్గుబాయి కప్పు కూలకుండా బిగించే బోల్టులు గోదావరిఖనిలో గట్టయ్య కార్ఖానాలోనే తయారవుతాయి. ఒకప్పుడు ఆయనా బాయి కార్మికుడే. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు పొడుగాటి వెదురుకర్రతో పైకప్పు తట్టి, చెవి ఒగ్గి వింటాడు. డొల్లగా మోగితే కప్పు కూలుతుందని బాయిలో పడ్డ అలవాటు అది. తన సొమ్ముతో కట్టించిన బడిని ప్రారంభించిన రోజూ అంతే. పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. కర్ర తగిలినచోట స్లాబు డొల్లగా పలికింది. మరోచోట తట్టాడు. అదే చప్పుడు.

"పిల్లలూ, మెల్లగ బయటికి నడువుండ్రి."

బడి కట్టే కాంట్రాక్టు చేసిన బామ్మర్ది రఘుపతి దగ్గరికొచ్చి గొణిగాడు. "బావా, అందరు చూస్తున్నరు. ఇజ్జత్ పోతది."

చివరి పిల్ల గడప దాటేదాకా గట్టయ్య కప్పు మీంచి చూపు తిప్పలేదు. తర్వాత తలుపుకు తాళం వేశాడు. గట్టయ్య పేరున్న శిలాఫలకం మీదికి రఘుపతి మళ్లీ తెర లాగబోతే కర్ర అడ్డం పెట్టాడు.

"పేరు ఉండనియ్యి. గిది ఎవలు కట్టిచ్చిండ్రో ఊరందరికి ఎరుకుండాలె."