మూడు ఆదివారాలు, ఒకే కొలత

మా అమ్మాయి తొలికాన్పుకు మాచర్ల వచ్చినప్పుడు కడుపు కొలవడం నాకు మా వీధి నర్సు నేర్పింది. పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా టేపు వేయాలి. ఆ నెలల్లో ఎన్నో వారమైతే దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉండాలి. నేను ఐదో తరగతితో ఆగిపోయాను గానీ, ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. టేపు పట్టడం నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ముప్ఫయ్యో వారం ఇరవై ఎనిమిది. తర్వాతి ఆదివారం ఇరవై ఎనిమిది. ఆ పై ఆదివారమూ అంతే.

చూడటానికొచ్చిన వియ్యపురాలు నవ్వింది.

"చిన్న బిడ్డయితే కాన్పు తేలిక వదినా. రాత్రిపూట అన్నం తగ్గించమను."

"పెరగని బిడ్డకి ఉన్నది కూడా తగ్గిస్తామా ఏంది?"

"టేపు పెడితే లోపలిది తెలిసిద్దా?"

"ఎంతుందో తెలీదు. ఆగిందని తెలిసిద్ది."

సోమవారం ఆస్పత్రిలో డాక్టరమ్మ కార్డు చూసి, స్కానింగుకు ఇంకా రెండు వారాలుందంది. మూడు వారాలుగా టేపు కొలత కదల్లేదని, టేపు పట్టడం నా వృత్తేనని చెప్పి, నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఇది జాకెట్టు కొలత కాదమ్మా," అంది.

"కాదు మేడం. జాకెట్టయితే విప్పి మళ్లీ కుట్టేదాన్ని. స్కానింగు ఇవాళే తీయించండి."

వెనక వరుసలోవాళ్లు విసుక్కుంటున్నారు. చివరికి ఆవిడే టేపు తీసి కొలిచింది. ఇరవై ఎనిమిది. అప్పటికప్పుడు స్కానింగుకు రాసింది.

స్కానింగులో తేలింది, బిడ్డకు తిండీ గాలీ అందించే మాయలోంచి రక్తం సరిగా వెళ్లడం లేదని. బిడ్డ బరువు చానా వెనకబడింది. అదే రోజు గుంటూరు పంపారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం రెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, మూడో రోజు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పన్నెండు వందల అరవై గ్రాములు. అక్కడి నర్సు నాకు మాయను చూపించింది. నా అరచేతి కన్నా కొంచెమే పెద్దది, అక్కడక్కడ తెల్లగా గట్టిపడి ఉంది.

"బాగా తినుంటే ఇట్టా అయ్యేదా," అంది వియ్యపురాలు, మంచం పక్కనే నిలబడి.

మా అమ్మాయి గోడవైపు తిరిగింది. "నేనేం తప్పు చేశానమ్మా?"

"నువ్వు తిన్నావు. మాయ బిడ్డకి అందీయలేదు. ఇందులో నీ తప్పు వీసమంతైనా లేదు," అన్నాను, వార్డంతా వినేట్టు.

అద్దాల గదిలో ఉన్న పసిదాని బరువు రోజూ అడిగాను. మొదట తగ్గింది. తర్వాత నిలబడింది. పద్నాలుగో రోజు పన్నెండు వందల ఎనభై. వియ్యపురాలికి ఫోన్ చేసి, ఆ అంకె ఒక్కటే చెప్పి పెట్టేశాను.