తడి ఇసుక మీద నల్లకోడి

నాచారంలోని మందుల ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటించే సారలమ్మ, ఆ ఎండాకాలం కోడి పొదిగినన్నాళ్లూ షిఫ్టు దిగగానే ఎక్కడా ఆగకుండా గదికి పరుగెత్తేది. రేకుల కప్పు కింద గది పొయ్యిలా కాగుతుండేది. మూలన గంపలో తడి ఇసుక, దానిమీద గోనెపట్టా, పట్టా మీద గుడ్లు, గుడ్ల మీద నోరు తెరిచి రొప్పుతూ నల్లకోడి. చెప్పులైనా విడవకుండా ఇసుక అంచుల్లో నీళ్లు చిలకరించి, కోడిని రెండు చేతులా ఎత్తి నీళ్ల గిన్నె ముందు దించేది. అది రెండు గుక్కలు తాగి మళ్లీ గంపలోకే దూరేది. "జరసేపు సల్లగుండరాదే?" అని గొణుగుతూ దాన్నే చూస్తూ కూర్చునేది సారలమ్మ. ఈ వేడికి, ఈ షిఫ్టులకు భయపడి కూతురు త్రివేణిని ఊళ్లో తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. మొదటి గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చిన సాయంత్రం ఊరికి ఫోన్ చేసి, సెల్లు గంపలో పెట్టింది.

"ఇంటున్నవా బిడ్డా? కోడిపిల్ల అరుస్తున్నది!"

"ఇన్న. అమ్మా, కోడి దాని పిల్లల కాడనే ఉంటదా?"

"ఆఁ, కదలనే కదలదు."

"మరి దానికి డ్యూటీ లేదా?"

సారలమ్మ చెవి దగ్గరి సెల్లును మళ్లీ గంపలో, పిల్ల పక్కనే పెట్టింది.