విశాలాక్షిగారి బుధవారం

వానలో తడిసిన ఉన్ని కోట్ల వాసన, దానితో కలిసి రాతి నేల చల్లదనం. వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లగానే నన్ను ముందుగా తాకేవి ఇప్పటికీ ఇవే. నిన్న కూడా అంతే. కాపలాదారుకు సంచి తెరిచి చూపించి మెట్ల వైపు నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాను. చీర మీద తొడుక్కున్న బరువైన కోటు విప్పుతూ ఎవరో "రాజ్యం, కాస్త పట్టుకో" అన్నట్టు అనిపించింది. చెయ్యి చాచాను కూడా. పక్కన ఎవరూ లేరు. విశాలాక్షిగారు పోయి ఏడాది దాటింది.

ఆవిడను గురించి మా తెలుగు సంఘం సంచికలో ఒక పేజీ వేశారు. పైన పెద్ద అక్షరాలతో "త్యాగమూర్తి" అని శీర్షిక. తన కోసం ఏనాడూ ఏదీ కోరలేదనీ, కొడుకు ఇల్లే లోకంగా బతికిందనీ కింద రాశారు. నేను ఉద్యోగం చేసినంత కాలం కౌంటీ ఆఫీసులో లెక్కలు తనిఖీ చేసిన మనిషిని. తప్పుడు పద్దు కంటపడితే దాని పక్కన ఎర్ర సిరా గీత పెట్టకుండా పేజీ తిప్పలేను. ఈ వ్యాసాన్ని ఆ గీత అనుకోండి. రిటైరైన తరువాత కూడా, ఏ రోజు ఎక్కడికి వెళ్లానో, ఎవరు ఏమన్నారో రాసుకునే అలవాటు నన్ను వదలలేదు. కాబట్టి ఇందులోని మాటలు జాలితో కల్పించినవి కావు, అన్నవి అన్నట్టు రాసుకున్నవి.

నేను ఆవిడను మొదటిసారి చూసింది ఆ చిత్రశాలలోనే. ఏటా చెర్రీలు పూసే రోజుల్లో మా సంఘం వాళ్లు పెద్దవాళ్లందరినీ బస్సులో రాజధాని చూపించడానికి తీసుకువెళ్తారు. అధ్యక్షుడి భవనం ముందు ఒక ఫొటో, స్మారక స్తంభం ముందు ఒక ఫొటో, గడ్డిలో కూర్చుని పులిహోర. చిత్రశాలకూ ఆ ప్రయాణంలో చోటుండేది, అయితే చూడడానికి కాదు. బస్సులో మైకు పట్టుకున్న ప్రసాద్ ఆ సంగతి దాచుకోలేదు. లోపల రెస్ట్‌రూమ్స్ క్లీన్‌గా ఉంటాయనీ, టికెట్ లేదనీ, త్వరగా కానిచ్చుకుని అందరూ బస్సు దగ్గరికి వచ్చేయాలనీ చెప్పాడు. టికెట్ కొన్న చోట కాళ్లు పీకుతున్నా సాయంత్రం దాకా తిరుగుతాం. టికెట్ లేని చోట చూడవలసింది ఏముంటుందని మనవాళ్ల గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అందరూ బస్సెక్కారు, ఒక్కరు తప్ప. ప్రయాణికుల హాజరు చూసే పని నాది కాబట్టి వెతకడానికి నేనే లోపలికి వెళ్లాను. రెస్ట్‌రూముల దగ్గర లేరు. గది తరువాత గది దాటగా, చివరికి ఒక చిన్న గదిలో బెంచీ మీద డెబ్బయ్యేళ్లు దాటిన ఆవిడ, చీర మీద కొడుకు పాత కోటు, కాళ్లకు తెల్లటి స్పోర్ట్స్ షూస్, ఎదురుగా ఉన్న ఒక బొమ్మను చూస్తూ కూర్చుని ఉంది. అది పెద్ద బొమ్మేమీ కాదు. వెలుతురు తక్కువగా ఉన్న వంటింట్లో ఒక స్త్రీ స్టూలు మీద కూర్చుని ఉంటుంది. రెండు చేతులూ ఒళ్లో ఉంటాయి. అంతే.

బస్సు కదలబోతోంది, లేవమన్నాను. ఆవిడ నా వైపు తిరగకుండానే, "ఈవిడ ఏ పనీ చేయడం లేదు, గమనించారా?" అంది. నేను గమనించలేదు. "ఒట్టినే కూర్చుంది. ఆ కూర్చోవడాన్ని ఒకాయన ఇంత శ్రద్ధగా గీశాడు. దాన్ని ఇంత పెద్ద భవనంలో పెట్టి కాపలా కాస్తున్నారు. మా ఇంట్లో నేను ఇలా కూర్చుంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారండీ."

బస్సులో అందరూ ఆవిడ మీద విసుక్కున్నారు. ప్రసాద్ నవ్వుతూ, బొమ్మలు మీకు అంత ఇష్టమైతే మా పాప గీసినవి బోలెడు ఉన్నాయి, పంపిస్తానన్నాడు. ఆవిడ కూడా నవ్వి, "పంపించు బాబూ. వాటి ముందు కూర్చోనిస్తారా, లేక అక్కడ కూడా బస్సు వెళ్లిపోతుందా?" అంది. 

ఆవిడ వాషింగ్టన్ శివార్లలోని మా హెర్న్‌డన్‌లోనే, మా వీధికి అవతల ఉండేది. భర్త పోయాక కొడుకు మురళి గ్రీన్‌కార్డు మీద తెచ్చుకున్నాడు. పొద్దున పిల్లల టిఫిను, మధ్యాహ్నం వంట, స్కూల్ బస్సు వచ్చే వేళకు మలుపు దగ్గర నిలబడడం, ఇదీ దినచర్య. ఎక్కడికి వెళ్లాలన్నా కారు కావాలి, కారు కావాలంటే ఎవరినైనా అడగాలి. ఇక్కడి పెద్దవాళ్ల బతుకులో సగం ఆ అడగడంలోనే గడిచిపోతుంది. స్టేషన్ ఒక్కటే నడిచి వెళ్లేంత దూరం. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే, రైలెక్కడం నేర్పమని. నేర్పాను. కోడలికి ఇంటి నుంచి పనిచేసే రోజు బుధవారం. పిల్లలను ఆ రోజు ఆమె చూసుకోగలదు. అలా బుధవారం విశాలాక్షిగారిదయింది. కొన్నాళ్లకు మేము అక్కయ్య, రాజ్యం అయ్యాము.

చిత్రశాలలో నేను పుస్తకం తీసి, బొమ్మ పక్కన అంటించిన వివరాలన్నీ ఎక్కించుకునేదాన్ని. గీసినవాడి పేరు, దేశం, ఎవరి కానుక. ఆవిడ కొన్ని వారాలు ఓపికగా చూసి, ఒక రోజు నా పెన్ను లాక్కుంది. "బొమ్మను ఆడిట్ చేస్తున్నావా, చూస్తున్నావా?" అంది. చదువు లేని మనిషి కాదు, బి.ఏ. పాసైంది. అయినా ఆ కాగితాలు చదివేది కాదు. తెలియకపోతే చూడకూడదా అని ఆవిడ వాదన. ఒకసారి ఒక గైడు ఇటలీ చిత్రకళ గురించి గంటసేపు చెప్పగా అందరితో పాటు విని, బయటికి వచ్చాక, ఆ అమ్మాయి చాలా బాగా చెప్పిందనీ, తనకు మాత్రం ఒక బొమ్మలోని గుర్రం కడుపునొప్పితో ఉన్నట్టే అనిపించిందనీ అంది. మరుసటి వారం నేను చూశాను. నిజంగానే అలాగే ఉంది.

ఆ చలికాలం ఆవిడ స్టేషన్ మెట్ల మీద జారి మోకాలు కొట్టుకుంది. ఎముక విరగలేదు. మురళి మాత్రం హడలిపోయాడు. మంచివాడు, తల్లంటే ప్రాణం. నన్ను కూడా ఇంటికి పిలిచాడు, నేనే ఆవిడను చెడగొడుతున్నానన్న అనుమానం ఉండి ఉంటుంది. ఆ బొమ్మలన్నీ ఆన్‌లైన్‌లో హై రిజల్యూషన్‌లో ఉన్నాయనీ, టీవీకి కనెక్ట్ చేసి పెడతాననీ తల్లికి నచ్చజెప్పబోయాడు.

"నీ పెళ్లి వీడియో కూడా టీవీలో వస్తుంది. మరి అంతమంది చుట్టాలు రైళ్లెక్కి ఎందుకొచ్చారురా?" అంది ఆవిడ.

"అది వేరమ్మా. సరే, సాటర్‌డే నేను డ్రైవ్ చేసి తీసుకెళ్తా. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉందాం."

"శనివారం నువ్వు తీసుకెళ్తావు. బుధవారం నేను వెళ్తాను. రెండూ ఒకటి కాదు."

మురళికి ఆ తేడా అర్థం కాలేదు. చెప్పినా వినడం లేదని తనకు తోచిన పని చేశాడు. ఆవిడ రైలు కార్డులో డబ్బు అయిపోగానే అతని ఖాతా నుంచి దానంతట అదే పడుతుండేది. అది ఆపేశాడు. ఆ బుధవారం స్టేషన్లో గేటు తెరుచుకోలేదు. నేను నా కార్డుతో పంపిస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఈ రోజు నీ కార్డు, వచ్చే వారం ఇంకొకరి కార్డు. మళ్లీ అడుక్కోవడమే కదా, వద్దు" అంది. వెనక్కి తిరిగి, కుంటుకుంటూ ఇంటికి నడిచింది. నేను వెంట వెళ్లాను.

ఇంటికి వెళ్లి కోటు విప్పి, హాల్లో సోఫా మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. వంటింటి వైపు పోలేదు. ఆ రోజు కొడుకు కూడా ఇంట్లోనే ఉన్నాడు. మీటింగుల మధ్య కిందికి దిగి, ఇంట్లోనే ఉండి అన్నం వండలేదేమని అడిగాడు. ఆవిడ ఏ మాత్రం కోపం లేకుండా, ఈ రోజు బుధవారం అని చెప్పింది. ఒంట్లో బాగాలేదా అని కోడలు కంగారుపడింది. చాలా బాగుందని జవాబు. టీ పెట్టలేదు, బట్టలు మడవలేదు, టీవీ కూడా చూడలేదు. పిల్లలు వచ్చి, బామ్మా ఏం చేస్తున్నావని అడిగితే, కూర్చున్నానంది. అలగలేదు, కన్నీళ్లు పెట్టలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. అలక అయితే తీర్చే మార్గం ఉంటుంది. కన్నీళ్లయితే తుడవొచ్చు. ప్రశాంతంగా కూర్చున్న తల్లిని ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చీకటి పడేలోపు మురళి కార్డు మళ్లీ నడిచేలా చేసి, తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. ఆవిడ తీసుకుని, లేచి, అందరికీ ఉప్మా చేసింది. తరువాత బుధవారాలు ఒక్కటీ పోలేదు, ఆసుపత్రి మంచం ఎక్కేదాకా.

సంస్మరణ సభ సంఘం హాల్లో జరిగింది. మురళి మైకు ముందు నిలబడి, మా అమ్మ తన కోసం జీవితంలో ఒక్కటీ అడగలేదని చెబుతూ ఏడ్చాడు. హాలంతా ఏడ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఎవరో నా కొంగు పట్టుకుని లాగుతూ, ఇప్పుడు కాదాంటీ అన్నారు.

"అడిగింది మురళీ," అన్నాను. "వారంలో ఒక రోజు అడిగింది. నువ్వు వద్దన్నావు. అయినా తీసుకుంది. అదే చెప్పు అందరికీ."

 చనిపోయిన ఆడమనిషికి కోరికలు ఉండేవని చెప్పడం అమంగళమన్నట్టు అందరూ నన్ను చూశారు. తరువాత పార్కింగ్‌లో మురళి నా కారు దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తాళంచెవులు చేతిలో తిప్పుతూ, ఆ మాట అక్కడ అనాలా ఆంటీ అన్నాడు. అక్కడే అనాలన్నాను. అతను నెమ్మదిగా అన్నాడు: "ఆ రోజు అమ్మ అలా కూర్చుంటే నాకు భయమేసింది ఆంటీ. ఏ పనీ చేయకుండా కూర్చుంటే మా అమ్మ ఎలా ఉంటుందో నేను అప్పటిదాకా చూడలేదు."

ఆ మాట సంచికలో వేయమని, సంచిక పని కూడా చూసే ప్రసాద్‌కు రాసి ఇచ్చాను. చదివేవాళ్లకు త్యాగం అంటేనే బాగుంటుందని అతను తీసేశాడు. తీసేసినందుకు నేను అతనికి రాసిన ఉత్తరం కూడా వేయలేదు. వేయకపోతే పోనీ. ఇక్కడ రాస్తున్నాను.

పోయిన నెల మా అమ్మాయి ఎక్కడో దూరాన ఉన్న ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసింది. కొత్త ఇంట్లో కింద బెడ్‌రూమ్ నాకేనంది. గుడి దగ్గరే, చుట్టూ మనవాళ్లే, ఒంటరిగా అక్కడెందుకమ్మా వచ్చెయ్యి అంది. వాళ్ల వీధి నుంచి ఎక్కడికైనా రైలు ఉందా అని అడిగాను. రైలెందుకు, నీకు ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను డ్రాప్ చేస్తానంది. ఆ మాటలో ప్రేమ లేదని నేనెలా అనగలను? మురళి మాటలోనూ ఉండేది. వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్తాను, అక్కడే ఉండిపోవడం మాత్రం కుదరదన్నాను.

"ఎందుకు కుదరదమ్మా? అక్కడ నీకేం పనుంది?"

పని ఏమీ లేదన్నాను. అది చెప్పడానికి నా గొంతు తగ్గలేదు, సంజాయిషీ కూడా వెతుక్కోలేదు. బుధవారం నాకు కావాలి, అంతే అన్నాను.